‘ఎన్ని పాటలొచ్చాయి?’ అన్న ప్రశ్న మార్చి చూద్దాం



సంగీతం క్లాసులో చేరిన పిల్లల గురించి పేరెంట్స్ మీటింగులో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటుంది. "మా బాబుకి ఇప్పటికి ఎన్ని పాటలొచ్చాయండీ?" కీబోర్డు నేర్చుకునే పిల్లలైనా, గాత్రం నేర్చుకునే పిల్లలైనా ఇదే ప్రశ్న. దాని వెనకే రెండోది కూడా వస్తుంది. "ఇంకా ఆ సరిగమలేనా? పాట ఎప్పుడు మొదలుపెడతారు?" ఫీజు కడుతున్న తల్లిదండ్రులుగా మీరు అలా అడగడంలో తప్పేమీ లేదు. లెక్కల్లో ఎన్ని చాప్టర్లు అయ్యాయని అడిగినట్టే ఇదీను. అయితే ఈ లెక్కలో సంగీతానికి సంబంధించిన అసలు సంగతి ఒకటి జారిపోతోందని నా అభిప్రాయం. ఈ నెల దాని గురించే మీతో మాట్లాడదామనుకుంటున్నాను.

నేను చెప్పేది ఇంగ్లిష్. సంగీతం సార్ గది మా గది పక్కనే కాబట్టి వాళ్ళ సాధన రోజూ చెవిన పడుతుంది. చిన్నప్పుడు కొన్నేళ్ళు గాత్రం నేర్చుకున్నాను కాబట్టి వినపడేది ఏమిటో కొంత అర్థమవుతుంది. ఆ రెండింటి బలంతోనే ఈ నాలుగు మాటలు.

సంగీతం నేర్చుకోవడంలో మూడు మెట్లున్నాయి. మొదటిది స్వరాల సాధన. రెండోది నేర్పిన పాటను నేర్పినట్టు పాడడం, వాయించడం. మూడోది, ఎవరూ నేర్పని స్వరాలను రాగం తప్పకుండా, తాళం తప్పకుండా అప్పటికప్పుడు సొంతంగా అల్లడం. మన పిల్లల్లో చాలామంది రెండో మెట్టు మీదే ఆగిపోతున్నారు. ప్రతిభ లేక కాదు. మూడో మెట్టు ఉందని వాళ్ళకి తెలియక, తెలిసినా దాని మీద కాలు పెట్టే చోటు మనం ఇవ్వక.

సరిగమలు ఎందుకంటే

ముందు సరిగమల తరఫున ఒక మాట. వాటిని వదిలేసి నేరుగా సినిమా పాట నేర్పమని అడిగేవాళ్ళున్నారు. అది సరైన దారి కాదు.

కర్ణాటక సంగీతంలో పిల్లలు మొదట నేర్చుకునేవి సరళీ స్వరాలు. తరవాత జంట స్వరాలు, దాటు స్వరాలు, అలంకారాలు. అక్కడి నుంచి గీతాలు, స్వరజతి, వర్ణం, కృతులు. ఈ వరసను ఏర్పాటు చేసినవాడు పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. అంటే సుమారు 500 ఏళ్ళుగా పిల్లలు ఇదే దారిలో నడుస్తున్నారు. సాధనకు ఎంచుకున్న రాగం మాయామాళవగౌళ, 72 మేళకర్తల్లో 15వది. దీనికి ఒక సౌకర్యం ఉంది. ‘స రి గ మ’లో స్వరాల మధ్య దూరాలు ఎలా ఉంటాయో ‘ప ద ని స’లోనూ అచ్చం అలాగే ఉంటాయి. కింది సగం పట్టుబడితే పై సగం కూడా గొంతుకి తేలిగ్గా అందుతుంది. కీబోర్డు పిల్లలు మొదట వాయించే సి మేజర్ స్కేలు మన శంకరాభరణం, 29వ మేళకర్త. అందులోనూ రెండు సగాలూ ఒకే అచ్చులో ఉంటాయి. 

ఆది తాళానికి ఎనిమిది దెబ్బలు. మొదటి కాలంలో దెబ్బకి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. అదే వరస మూడు వేగాల్లో పాడుతున్నప్పుడు పిల్లవాడి చెయ్యి తాళాన్ని, గొంతు స్వరాన్ని, మనసు లెక్కని ఒకేసారి మోయడం నేర్చుకుంటాయి. బయట నుంచి వినేవాళ్ళకి ఇది విసుగ్గానే ఉంటుంది. కానీ ఎక్కాలు రాకుండా భాగహారం ఎలా రాదో, ఇది లేకుండా తరవాతిది అలాగే రాదు. అభ్యాసం గురించి వేమన చెప్పిన మాట మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. దానికి నేను కలిపేది ఏమీ లేదు.

పాట వచ్చినంత మాత్రాన

అయితే సరిగమలు ఎంత గట్టిగా వచ్చినా, పాటలు యాభై వచ్చినా, వాటంతట అవే మూడో మెట్టు ఎక్కించవు. ఇది చాలామంది అనుకోని సంగతి. "బాగా ప్రాక్టీసు చేస్తే సొంతంగా వాయించడం అదే వస్తుంది" అనుకుంటాం. అదే రాదు. దానికి వేరే సాధన ఉంది.

మన సంగీతం మొత్తాన్ని పెద్దలు రెండు భాగాలు చేశారు. ఎవరో కూర్చి ఇచ్చింది కల్పిత సంగీతం. గీతం, వర్ణం, కృతి అన్నీ ఇందులోవే. పాడేవాళ్ళు అక్కడికక్కడే కల్పించేది మనోధర్మ సంగీతం. రాగాలాపన, నెరవు, కల్పన స్వరం ఇందులోవి. కచేరీలో త్యాగరాజ కృతి పాడి, మధ్యలో ఒక పంక్తి పట్టుకుని గాయకుడు "సరిగా పదపా" అంటూ స్వరాలు విసురుతూ మళ్ళీ ఆ పంక్తికే వచ్చి వాలుతుంటాడు చూడండి, అదే కల్పన స్వరం. ఆ స్వరాలు పుస్తకంలో ఉండవు. నిన్న పాడినవి ఇవాళ పాడాలని లేదు. మృదంగం వాయించే ఆయనకీ, వయొలిన్ వాయించే ఆయనకీ కూడా ఏం రాబోతోందో ముందు తెలియదు. అయినా అందరూ కలిసి ఒకే చోట దిగుతారు. వినేవాళ్ళు తలలూపేది ఆ దిగడం దగ్గరే.

మా ఇంగ్లిష్ క్లాసులో ఇదే తేడాని నేను రోజూ చూస్తాను. టెన్స్‌లన్నీ వరసగా ఒప్పజెప్పే పిల్లలున్నారు. ఖాళీలు పూరించమంటే పదికి పది తెచ్చుకుంటారు. అదే పిల్లల్ని "ఆదివారం ఏం చేశావు?" అని ఇంగ్లిష్‌లో అడిగితే కిందకి చూస్తారు. గ్రామర్ రాక కాదు. ఎవరూ రాసి ఇవ్వని వాక్యాన్ని నోటి నుంచి బయటకి పంపే అలవాటు లేక. తప్పొస్తే పక్కవాళ్ళు నవ్వుతారన్న భయం వల్ల. సంగీతంలో సరిగమలు గ్రామర్ అనుకుంటే, నేర్చిన కృతి కంఠతా పట్టిన వ్యాసం. కల్పన స్వరం సంభాషణ. వ్యాసాలు ఎన్ని బట్టీ పట్టినా సంభాషణ రాదని ఇంగ్లిష్ విషయంలో మీరే నాతో అంటుంటారు. సంగీతంలోనూ అంతే.

మన వైపు నుంచే ఎదిగినవాళ్ళు

ఇదేదో మద్రాసు సభల్లో జరిగే వ్యవహారం, మన పల్లెటూళ్ళకి అందేది కాదు అనుకోకండి. ఈ విద్యలో ప్రపంచం మెచ్చినవాళ్ళు మన చుట్టుపక్కల ఊళ్ళ నుంచే వెళ్ళారు.

మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసులు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ని శ్రీనివాస్ చిన్నప్పుడే చేతిలోకి తీసుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. ఇక్కడ గమనించాల్సిన ముచ్చట ఒకటుంది. సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన గొంతుతో పాడేవారు. ఆ పాడింది ఏ తీగ మీద, ఏ మెట్టు దగ్గర, ఏ వేలితో పలుకుతుందో శిష్యుడే వెతుక్కునేవాడు. వేలు పట్టుకుని చూపించేవాళ్ళు లేకపోవడం వల్ల ఆ పిల్లవాడి చెవికి మొదటి రోజు నుంచే పని పడింది. 1978లో కొల్లేటికి అవతలి వైపున్న గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకి తొమ్మిదేళ్ళు. మాండొలిన్ మీద మన గమకాలు పలకవని పెద్దవాళ్ళు సందేహపడితే, జంట తీగల చోట ఒంటి తీగలు వేసి, తీగల సంఖ్య ఐదు చేసి, ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద వాటిని పలికించారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. ఇంగ్లండులో పుట్టిన జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ ఉన్న ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించారు. జాజ్ సంగీతమూ మనోధర్మం మీద నడిచేదే. అక్కడా మొదట స్కేళ్ళు, తరవాత తెలిసిన పాట, ఆపైన ఆ పాట మీద ఎవరి సోలో వాళ్ళది. ఒకరి భాష ఒకరిది కాకపోయినా వేదిక మీద వాళ్ళు ప్రశ్నా జవాబుల్లా వాయించుకోగలిగారంటే కారణం అదే. 2014లో, 45 ఏళ్ళకే ఆయన మనకి దూరమయ్యారు.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిది కోనసీమలోని శంకరగుప్తం. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర నేర్చుకున్నారు. పంతులు గారిది త్యాగరాజస్వామి శిష్యపరంపర. అంత కట్టుదిట్టమైన సంప్రదాయంలో శిక్షణ పొందిన మనిషే తరవాత మహతి, లవంగి వంటి కొత్త రాగాలు కల్పించారు. నాలుగేసి స్వరాలతో రాగాలేమిటని చర్చ కూడా జరిగింది. కట్టుబాటు నేర్పిన చోటే స్వేచ్ఛ కూడా దొరికిందన్నమాట.

అదే పంతులు గారి మరో శిష్యులు అన్నవరపు రామస్వామి గారు 1926లో ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టారు. మన స్కూలు బస్సు తిరిగే దూరం. విజయవాడ ఆకాశవాణిలో వయొలిన్ విద్వాంసులుగా చాలాకాలం పనిచేశారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. పక్కవాద్యం వాయించడం అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. గాయకుడు ఇప్పుడే పుట్టించిన స్వరాల గుత్తిని చెవితో అందుకుని, మరుక్షణం దానికి తగిన జవాబు తన తీగల మీద ఇవ్వాలి. నోట్సు లేదు, సిలబస్ లేదు, రెండో అవకాశం లేదు. వినడమే సగం విద్య.

కచేరీలు ఎరగని ఇళ్ళలో కూడా ఈ విద్య పరిచయమే. మీ ఇంట్లో పెద్దవాళ్ళని పద్యనాటకాల గురించి అడిగి చూడండి. తిరునాళ్ళలో, జాతరల్లో తెల్లవార్లూ ఆడిన నాటకాల్లో నటుడు పద్యం చివర రాగం అందుకుని సాగదీస్తుంటే, హార్మోనియం ఆయన ఆ దారి పట్టుకుని వెంట నడుస్తుంటే, జనం ‘వన్స్ మోర్’ అని అరిచేవారు. రెండోసారి పాడినప్పుడు రాగం మొదటిసారిలా ఉండదు. ఉండకూడదు కూడా. ఆ కొత్తదనం కోసమే ఆ కేక. సాహిత్యంలో అవధానం కూడా ఇలాంటిదే. తిరుపతి వెంకట కవుల్లో ఒకరైన దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు మన పశ్చిమ గోదావరి యండగండిలో పుట్టినవారు. పృచ్ఛకుడు సమస్య ఇస్తే సభలో నిలబడి ఆశువుగా పద్యం చెప్పడం వాళ్ళ విద్య. గణాలు, యతి, ప్రాస రక్తంలో ఇంకిపోయేదాకా సాధన చేశాకే ఆ ఆశువు సాధ్యమైంది. కానీ ఛందస్సు చదివినవాళ్ళందరూ అవధానులు కాలేదు. సభలో నిలబడడం అనే సాధన కూడా చేసినవాళ్ళే అయ్యారు.

మధ్యలో వంతెన

మరి పదకొండేళ్ళ పిల్లకి ఇది ఎలా వస్తుంది? ఉన్నట్టుండి "నీకు తోచింది వాయించు" అంటే రాదు. అలా అంటే పిల్లలు బిగుసుకుపోతారు. హద్దులు లేని స్వేచ్ఛ చిన్నపిల్లలకి భయం. చేపల చెరువుకి గట్టు ఎలాగో దీనికి హద్దులు అలాగ. గట్టు ఉంటేనే నీళ్ళు నిలుస్తాయి.

గురువులు అనుసరించే పద్ధతి చాలా చిన్నగా మొదలవుతుంది. మోహన రాగం తీసుకోండి. ఐదే స్వరాలు: స, రి, గ, ప, ద. మ, ని ఉండవు కాబట్టి తప్పు పడే చోట్లు తక్కువ. పిల్లకి వచ్చిన ఒక పాట పంక్తి, అది ‘స’ మీద మొదలవుతుందనుకుందాం. గురువు "స రి గ ప" అంటారు. పిల్ల నాలుగు స్వరాల్లో జవాబు చెప్పి ఆ పంక్తి అందుకోవాలి. "ద ప గ రి" అంటే చక్కగా ‘స’ మీదకి దిగుతుంది. మరోసారి "గ ప గ రి". ఇంకోసారి "ప గ స రి". అంతే, కల్పన స్వరం మొదలైపోయింది.

ఇందులో లెక్కల సార్‌కి నచ్చే సంగతి కూడా ఉంది. ఐదు స్వరాలతో నాలుగు స్వరాల జవాబులు 625 రకాలుగా చెప్పొచ్చు. చివరి స్వరం ‘రి’ అని ముందే బిగించినా 125 ఉంటాయి. ఎనిమిది స్వరాల జవాబైతే 3,90,625. అవన్నీ వినసొంపుగా ఉండవు. వాటిలో ఏది మోహనలా వినిపిస్తుంది, ఏది ఉత్త అంకెల గారడీలా వినిపిస్తుంది అని చెవి తేల్చుకోవడమే సంగీతం. ఆ తేల్చుకోవడం ఎవరూ రాసివ్వలేరు. రోజుకి పది జవాబులు చెప్పి, అందులో ఎనిమిది బాగుండకపోయినా రెండు బాగున్నాయని పిల్లలకే తెలిసిన రోజున అది వస్తుంది.

రెండో సాధనం వర్ణం. మోహనలో పిల్లలు సాధారణంగా ముందుగా నేర్చుకునే ‘నిన్నుకోరి’ వర్ణాన్నే చూడండి. చరణం తరవాత వచ్చే స్వరభాగాలు ఒకదాని తరవాత ఒకటి పెరుగుతూ పోతాయి. ప్రతిదీ తిరిగి చరణం పంక్తికే చేరుతుంది. ఎవరో గొప్పవాళ్ళు కూర్చిపెట్టిన కల్పన స్వరాల్లాంటివే అవి. వాటిని కంఠతా పట్టించి వదిలేయకుండా, "ఇక్కడ రెండు స్వరాలు మార్చి నీది వెయ్యి" అంటే వర్ణమే సొంత స్వరాలకి వంతెన అవుతుంది. పిల్లలు మాటలు నేర్చుకునేది కూడా ఇలాగే. అమ్మ అన్న వాక్యంలో ఒక మాట మార్చి తన వాక్యం చేసుకుంటారు.

మూడోది తాళం. స్వరాలు ఎంత బాగున్నా పంక్తి ఎత్తుగడకి అర దెబ్బ ముందో వెనకో చేరితే కుదరదు. అందుకే మొదటి ఏడాది సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడించింది. అప్పటి విసుగుకి ఇక్కడ విలువ తెలుస్తుంది.

ఇంట్లో కీబోర్డు ఉంటే

సంగీతం రాని తల్లిదండ్రులు కూడా చేయించగల పని ఒకటి చెబుతాను. మీ ఇంట్లో కీబోర్డులో నల్ల మెట్లు రెండు, మూడు, రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిదాన్ని ‘స’ అనుకుని, పైకి వరసగా నల్ల మెట్లు మాత్రమే నొక్కితే అది మోహన రాగమే. సంగీతం వాళ్ళ భాషలో నాలుగున్నర శ్రుతి. తెల్లవి ముట్టుకోనంత వరకూ ఏ స్వరం నొక్కినా రాగం బయటకి పోదు. కీబోర్డులో తాళం ఒకటి నెమ్మదిగా పెట్టి, "ఈ ఐదింటితో నీ ఇష్టం వచ్చింది వాయించు, చివరికి మాత్రం ‘స’ మీదకి రా" అనండి.

ఇంకో ఆట కూడా ఉంది. అవే నల్ల మెట్లు. ఈసారి ఆ మూడింటి గుంపులో రెండోదాన్ని ‘స’ అనుకోండి. అది మధ్యమావతి అవుతుంది. మూడోదాన్ని అనుకుంటే హిందోళం. రెండింటి గుంపులో మొదటిది ‘స’ అయితే శుద్ధ సావేరి. దీన్ని గ్రహభేదం అంటారు. ఇల్లు అదే, కూర్చునే చోటు మారితే కనపడేది మారినట్టు. పిల్లలకి దీని పేరు తెలియక్కర్లేదు. మార్పు చెవికి తెలిస్తే చాలు.

మీ సందేహాలు

"ఇదంతా బాగానే ఉంది, మా అమ్మాయి సంగీత విద్వాంసురాలు కావాలా ఏమిటి?" అని మీరడగొచ్చు. అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్ళందరూ రచయితలు కారు. అయినా ఒప్పజెప్పడం దగ్గర ఆగకుండా మాట్లాడాలని కోరుకుంటాం కదా. ఏళ్ళ తరబడి సాధన చేసిన పిల్లకి ఆ విద్యలో తన సొంత మాట ఒక్కటైనా ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు.

"సంగీతం నేర్చుకుంటే మార్కులు పెరుగుతాయా?" అనీ అడుగుతారు. అలాంటి హామీ నేను ఇవ్వను. సంగీతాన్ని మార్కుల కోసం అమ్మడం నాకు నచ్చదు కూడా. వచ్చేది వేరే ఉంది. ముందు చూసి రాసుకున్నది లేకుండా, నలుగురి ఎదుట నిలబడి, తప్పు పడితే ఆగిపోకుండా దాన్ని సర్దుకుని చివరికి సమయానికి గమ్యం చేరడం. రేపు ఇంటర్వ్యూలోనైనా, ఉద్యోగంలోనైనా దీన్ని నేర్పే సబ్జెక్టు మన టైంటేబుల్లో వేరే ఏదీ నాకు కనపడదు.

"యూట్యూబులో చూసి పాటలు తనే వాయించేస్తున్నాడు" అని సంతోషించేవాళ్ళున్నారు. మంచిదే. అయితే తెర మీద వెలిగిన మెట్టు నొక్కడం కంటి పని. పాట విని, ఇది ఏ స్వరమని వెతుక్కుని పట్టుకోవడం చెవి పని. వీలైతే వీడియో కనపడకుండా వినిపించి వెతుక్కోమనండి. పాలకొల్లు పిల్లవాడు నేర్చుకున్నది గురువు గొంతు విని.

అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం టైము. కోటి విద్యలూ కూటి కొరకే అన్న సామెత నాకూ తెలుసు. ఇక్కడ చాలా ఇళ్ళలో చెరువు లీజు, మేత ఖర్చు, తెల్లవారుజామున పట్టుబడి, వాటి మధ్యలోనే పిల్లల ఫీజు. ఆ డబ్బు చదువుకే పోవాలనుకోవడం సహజం. అందుకే ఏడో తరగతికి రాగానే "ఇక మ్యూజిక్ వద్దండి, ఫౌండేషన్ క్లాసులు ఉన్నాయి" అని చెప్పేవాళ్ళు ఎక్కువ. కానీ ఆ ఆపే సమయం చూడండి. మూడో తరగతిలోనో నాలుగులోనో చేరిన పిల్ల మూడు నాలుగేళ్ళు సరళీ, జంట, అలంకారాలు, గీతాలు దాటి, వర్ణం మొదలుపెట్టే వేళకి ఆపేస్తున్నాం. నారు పోసి, ఊడ్పులు చేసి, కలుపు తీసి, సరిగ్గా పొట్టకొచ్చే వేళకి నీళ్ళు కట్టేసినట్టు. కష్టమంతా పడి, తినే ముందు విస్తరి ఎత్తేస్తున్నాం. ఆ పిల్లకి జీవితాంతం సంగీతమంటే సరిగమల విసుగే గుర్తుంటుంది.

నేను కోరేవి నాలుగు

మొదటిది, ఏడో తరగతిలో సంగీతం ఆపాలనుకుంటే మొత్తం ఆపకండి. వారానికి రెండు క్లాసులు ఉంటే ఒకటి చేయండి. ఎనిమిది పూర్తయ్యేదాకా ఆ ఒక్కటీ ఉంచండి. ఆ ఒక్క క్లాసులో కొత్త పాటల లెక్క అడగకండి. వచ్చిన పాటల మీదే సొంత స్వరాలు వేయించమని సంగీతం సార్‌ని మీరే అడగండి. మీరు అడిగితే వాళ్ళకీ ధైర్యం. పాటలు తక్కువ నేర్పారని మీరేమైనా అనుకుంటారేమోనన్న మొహమాటం వాళ్ళకి ఉంటుంది.

రెండోది, ఇంట్లో రోజుకి పది నిమిషాలు. సాధన అయ్యాక ఆ పది నిమిషాలు పిల్లలవి. అప్పుడు ఎలా వాయించినా "అది కాదు, ఇది" అనకండి. చుట్టాల ముందు వాయించమనకండి. ఫోన్ తీసి స్టేటస్‌కి రికార్డు చేయకండి. కెమెరా ఎదురుగా ఉంటే పిల్లలు తెలిసినదే వాయిస్తారు. తెలియనిది వెతకరు. ఈ పది నిమిషాలు ఉన్నది వెతకడానికే.

మూడోది, యాన్యువల్ డే. ఏటా పిల్లలు రెండు నెలలు బట్టీ పట్టిన పాటల్ని ట్రాక్ మీద తప్పు లేకుండా పాడుతున్నారు, వాయిస్తున్నారు. అవి ఉండాలి. వాటితో పాటు ఒక్క ఐటెం, నాలుగంటే నాలుగు నిమిషాలు, రిహార్సల్ లేనిది పెట్టమని యాజమాన్యాన్ని ఈ పేజీ ద్వారా అడుగుతున్నాను. ఇద్దరు పిల్లలు, ఒక రాగం, అందరికీ తెలిసిన ఒక పాట పంక్తి. దాని మీద ఒకరి తరవాత ఒకరు తమ స్వరాలు వేసి ఆ పంక్తికి తిరిగి రావాలి. ఒకటి రెండుసార్లు తడబడతారు. ఎత్తుగడ తప్పొచ్చు. పక్క ఊరి బంధువులు చూస్తుండగా తప్పు పడడం స్కూలు పేరుకి మంచిది కాదని ఎవరికైనా అనిపించవచ్చు. నేనైతే, మా పిల్లలు నేర్పినదే కాదు, నేర్పనిది కూడా పలకగలరని చూపించడానికి అంతకన్నా మంచి అవకాశం లేదంటాను. దానికి మీ సహకారం కావాలి. తడబడినప్పుడు కూడా చప్పట్లు కొట్టాలి, తడబడి సర్దుకున్నప్పుడు ఇంకాస్త గట్టిగా.

నాలుగోది ఖర్చు లేనిది. ప్రశ్న మార్చండి. "ఎన్ని పాటలొచ్చాయి?" అని అడగండి, ఫర్వాలేదు. దాని తరవాత "ఈ వారం నీ సొంత స్వరాలు ఏవైనా వేశావా? ఒకసారి వినిపిస్తావా?" అని కూడా అడగండి. మొదటి రెండు మూడుసార్లు "లేదు" అంటారు. అడుగుతూనే ఉంటే, ఆ ప్రశ్నకి జవాబు తయారు చేసుకోవాలని పిల్లలకే అనిపిస్తుంది. ఏ ప్రశ్న మనం పదేపదే అడుగుతామో దానికే పిల్లలు సిద్ధపడతారు. అది యూనిట్ టెస్టులకీ వర్తిస్తుంది, మోహన రాగానికీ వర్తిస్తుంది.

తరవాతి పేరెంట్స్ మీటింగుకి వచ్చినప్పుడు సంగీతం గది దగ్గర కూడా రెండు నిమిషాలు ఆగండి. సార్‌తో మాట్లాడండి. మీ అమ్మాయి, మీ అబ్బాయి ప్రస్తుతం ఏ మెట్టు మీద ఉన్నారో అడగండి. వర్ణం దాకా వచ్చి ఉంటే, దయచేసి ఈ ఏడాది ఆపకండి.